బాక్సింగు దినము : ఈవి, సెలవు, అంగడి

డిసెంబరు 26వ తేదీని ఆంగ్లేయులు ‘బాక్సింగు డే’ యందురు. ఈ పేరు తెలుగు పాఠకునకు క్రొత్తది కాదు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ క్రీడాంగణమున 1980 నుండి దాదాపు ఏటేట ఆ దినముననే క్రికెట్టు టెస్టు మొదలగుచుండుటచే, వార్తాపత్రికలు చదువువారి కందఱకు నిది పరిచితమే. హైదరాబాదు వాడైన మహమ్మదు సిరాజు 2020లో తన మొదటి టెస్టు నాడినదియు, విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డి 2024లో 114 పరుగులు చేసినదియు ఈ పోటీలలోనే. పేరు పరిచితమైనను అర్థము మాత్రము మనవారికి సందిగ్ధముగనే యున్నది. అనువాదపాఠమున నొకమాఱు ఈ మాటనిచ్చి తెనిగింపుడని యడుగగా తరగతిలో సగముమంది ‘ముష్టియుద్ధదినము’ అని వ్రాసిరి. తక్కినవారు ఏమియు వ్రాయక విడిచిరి. విడిచినవారే కొంత వివేకులని అప్పుడు తోచినది. ఇప్పుడట్లు తోచుట లేదు.

ఆ అనువాదము తప్పు, సందేహము లేదు. కాని ఆ తప్పులోనే యొక చమత్కారము దాగియున్నది. సంస్కృతమున ముష్టి యనగా పిడికిలి. పిడికిలిలో పట్టు కొలతయు నదియే. తెలుగున ఆ పిడికెడు గింజలే భిక్షకు పేరై, ముష్టి యనగా అడిగి తెచ్చుకొన్నదనియు, ముష్టివాడనగా యాచకుడనియు అర్థము స్థిరపడినది. విద్యార్థి ‘యుద్ధ’ శబ్దమును విడిచి వ్రాసియుండెనేని సత్యమునకు మిక్కిలి సమీపించి యుండెడివాడు. ఏలయన ఆంగ్లమున గ్రుద్దునకును పెట్టెకును ‘బాక్సు’ అను రూపమొక్కటే యైనను అవి వేఱువేఱు మాటలు. ఈ దినము పేరులో నున్నది పెట్టె. అందులో పడినది కాసు.

ఈ పెట్టె యెట్టిది? 1611లో అచ్చయిన కాట్‌గ్రేవుని ఫ్రెంచి–ఆంగ్ల నిఘంటువున ‘తీర్‌లీర్’ అను ఫ్రెంచి మాటకు ‘క్రిస్మసు పెట్టె’ యని యర్థము చెప్పి, అది మూతయందో ప్రక్కనో కాసు దూరుటకు చీలిక గలదనియు, ఫ్రాన్సున భిక్షాటనము చేయు సన్న్యాసులును, ఇంగ్లండున పరిచారకులును, పని నేర్చు కుఱ్ఱలును దానిని వాడుదురనియు వివరించినాడు. నిఘంటుకర్త పరదేశపు మాటను బోధపఱచుటకై దీనిని చేకొనెననగా, ఆనాటికే యిది ఇంగ్లండున ఇంటింట తెలిసిన వస్తువై యుండవలెను. మట్టితో చేసిన పెట్టెలును ఉండెడివి. మన పిల్లలు కాసులు దాచుకొను మట్టి డిబ్బీ వంటివే యవి. పగులగొట్టిన గాని లోని సొమ్ము చేతికి రాదు. అంగడికి వచ్చు ఖాతాదారులు పండుగ దినములలో వేసిన కాసులను పెట్టె పగులగొట్టి ఆ కుఱ్ఱలు పంచుకొనెడివారు.

1663 డిసెంబరు 19న శామ్యూలు పెపీస్ తన దినచర్యలో, బండియెక్కి చెప్పులవాని యంగడికి పోయి యచటి బాకీ యంతయు చెల్లించి, రాబోవు పండుగకై కుఱ్ఱల పెట్టెలో కొంత వేసినట్లు వ్రాసికొనెను. ఈ చిన్న వాక్యమున రెండంశములు గమనింపదగినవి. ఒకటి తేదీ. పండుగకు వారము ముందే యిచ్చినాడు. కావున పెట్టెకు 26వ తేదీతో విడరాని సంబంధము అప్పటికి లేదు. రెండవది బాకీ వేఱు, పెట్టె వేఱు. బాకీ యజమానునకు చెల్లును. పెట్టెలోనిది ఆ యజమానుని క్రింద జీతము లేకయే పని నేర్చుకొను పిల్లలది. ఏడాది పొడుగునను చెప్పులు తెచ్చి యిచ్చినది వారు. లెక్కలో వారి పేరు లేదు. లెక్కలో లేని ఋణమును తీర్చుటకే పెట్టె యేర్పడినదని నా తలంపు.

నలువది యేడేండ్లు గడచునప్పటికి స్వరము మాఱినది. 1710 డిసెంబరు 26న జోనాథన్ స్విఫ్టు లండను నుండి వ్రాసిన జాబులో ఈ క్రిస్మసు పెట్టెలతో తన కొంప మునుగుచున్నదని వాపోయెను. కాఫీశాలలోని పనివారు తమ పన్నును పెంచిరట. అందఱును తలకొక క్రౌను, అనగా ఐదు షిల్లింగుల నాణెము, ఇచ్చుచుండగా సిగ్గుచేత తానును ఇచ్చుకొనెనట. ఇచట తేదీ సరిగా 26. పెట్టె యను మాటయు ఇప్పుడు పాత్రను గాక అందులోని ద్రవ్యమునే బోధించుచున్నది. ఆధారమును చెప్పి ఆధేయమును గ్రహింపజేయు ఈ లక్షణ మన ఆలంకారికులకు సుపరిచితము; మంచములు కేకలు వేయుచున్నవనగా మంచములపై నున్నవారు కేకలు వేయుచున్నారని గ్రహించునట్లే, పెట్టె యిచ్చుట యనగా పెట్టెలో వేయు కాసు నిచ్చుట. తరువాత పెట్టె పోయినది, కాసే పెట్టె యైనది.

పేరు పుట్టుకకు లోకమున మఱి రెండు కథలు వ్యాప్తిలో నున్నవి. క్రైస్తవాలయద్వారమున నుంచిన దానపు పెట్టెను ఈనాడు తెఱచి బీదలకు పంచెడివారని యొకటి. పెద్దయిండ్ల సేవకులు పండుగనాడు యజమానుల విందునకు ఊడిగము చేసి, మఱునాడు సెలవు పుచ్చుకొని, మిగిలిన పిండివంటలను కానుకలను పెట్టెలలో కట్టుకొని తమ యిండ్లకు పోయెడివారని మఱొకటి. రెండును వినుటకు ఇంపైనవే. కాని పెట్టె యను మాటకు కాట్‌గ్రేవు మొదలుకొని స్విఫ్టు వఱకు వరుసగా కనబడు సాక్ష్యము వృత్తికారుల పెట్టెకే యున్నది గావున ఆ పక్షమే బలవత్తరమని నేననుకొందును. ఆలయకథకు మాత్రము వేఱొక యండ గలదు. పాశ్చాత్యసంఘములు ఈ దినమును స్తెఫను స్మృతిదినముగా పాటించును. క్రైస్తవులలో ప్రథమ హతసాక్షియైన స్తెఫను, బైబిలునందలి అపొస్తలుల కార్యముల ననుసరించి, విధవరాండ్రకు అన్నము సరిగా పంచబడుటను విచారించుటకై నియమింపబడిన యేడుగురిలో నొకడు. వడ్డనను చూచువాని పేరిట దానము జరుగుటలో ఔచిత్యము గలదు. బొహీమియా ప్రభువైన వెన్సెస్లాసు స్తెఫను దినమున మంచులో నడచి బీదవానికి అన్నము, కట్టెలు కొనిపోయెనను ప్రసిద్ధగీతమును జాన్ మేసన్ నీల్ 1853లో ప్రకటించెను. ఆ ప్రభువు పదవ శతాబ్దివాడే యైనను ఆ పాట మాత్రము విక్టోరియా రాణి కాలపు దానబుద్ధికి దర్పణము.

తెలుగు విద్యార్థికి ఈ చరిత్రలో నన్నిటికంటె ఆసక్తికరమగునది పద్యము. డికెన్సు 1836–37లో వెలువరించిన పిక్విక్కు కథలో వృద్ధుడైన వెల్లరు పద్యమును ఈసడించుచు, బాక్సింగు దినమున వచ్చు ఊరి బంట్రౌతు మొదలగు ఒకరిద్దఱు తప్ప మనుష్యుడైనవాడు పద్యములో మాటాడడని తీర్పు చెప్పును. ఇది కేవలము హాస్యము కాదు. రాత్రులయందు గంట వాయించుచు వీథులు తిరుగు కావలివారును, దీపములు వెలిగించువారును పండుగ దినములలో అచ్చు వేయించిన పద్యపత్రములను ఇంటింట నిచ్చి కాసులడుగు నాచారము ఇంగ్లండున చిరకాలముండెను. ఆ పద్యములు కవిత్వపు గీటురాతికి నిలుచునవి కావు. గృహస్థునకు శుభము కోరి, తమ సంవత్సరపు సేవను జ్ఞాపకము చేసి, చేయి చాచుటతో ముగియును. ఇది చదువుచుండగా మన దసరా పద్యములు స్ఫురింపకుండునా? వీథిబడి పంతులు పిల్లలను వెంటబెట్టుకొని, వారు విల్లంబులు చేబూని పద్యములు పాడుచుండగా గడపగడపకు పోవుట, గురువునకు దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లములు లభించుట మన పూర్వులెఱిగిన దృశ్యము. జీతము నెలనెలకు రాని బ్రదుకున పండుగయే జీతపుదినము. పద్యము లేక చేయి చాచినచో యాచన యగును. పద్యముతో చాచినచో హక్కు వలె నుండును. ఆంగ్లపు బంట్రౌతుకును మన పంతులుకును ఈ మర్మము తెలియును.

ఐర్లండున స్తెఫను దినమున జరుగు ‘రెన్’ పక్షి యూరేగింపును ఈ జాతిలోనిదే. పూర్వము ఆ చిన్నపిట్టను వేటాడి చంపి, కొమ్మకు కట్టి, గడ్డివేషములు ధరించిన కుఱ్ఱలు పాడుచు ఇంటింట డబ్బు వసూలు చేసెడివారు. నేడు పిట్టను చంపుట లేదు, బొమ్మపిట్టతో కార్యము నడచుచున్నది; డింగిల్ పట్టణమున ఈ వేడుక ఇప్పటికిని ప్రసిద్ధము.

ఇట్లడిగి పుచ్చుకొను కాసునకు తెలుగున సరియైన మాట ‘మామూలు’. అరబ్బీ నుండి ఉర్దూ ద్వారమున మనకు వచ్చిన ఈ శబ్దమునకు వాడుకలో నున్నది, ఆచరింపబడునది యని మూలార్థము. దసరా మామూలు, పండుగ మామూలు అను ప్రయోగములలో అది నిర్దోషము. తరువాత అధికారికి చాటున నిచ్చు లంచమునకు సైతము ఆ పేరే వచ్చినది. స్విఫ్టు సణుగులో వినవచ్చునదియు సరిగా ఈ మార్పే: ప్రీతితో నిచ్చినది ఒకమాఱు వాడుకయైన పిమ్మట, ఈయకున్నచో సిగ్గు పుట్టించు పన్నగును.

ఆంగ్లేయుల ఏలుబడిలో ఈ వాడుక భారతదేశమునకు వచ్చి తలక్రిందు లగుట విచిత్రము. క్రిస్మసు సమయమున కచేరీ యుద్యోగులు, కంట్రాక్టరులు, జమీందారులు దొరల బంగళాలకు పండ్లు, మిఠాయిలు, పూవులు నింపిన పళ్ళెరములను పంపెడివారు. దీనిని ‘డాలీ’ యనెడివారు. ఆంగ్లో–ఇండియను పదకోశమైన హాబ్సన్–జాబ్సన్ ఈ మాటను చేర్చుకొన్నది. స్వదేశమున పైనుండి క్రిందికి దిగిన కానుక ఇచట క్రిందినుండి పైకెక్కినది. బంగళాలోని బంట్రౌతు మాత్రము ‘బక్షీసు’ పొందుచుండెను గావున మొదటి ప్రవాహమును పూర్తిగా నింకిపోలేదు.

ఆచారమునకు శాసనబలము 1871లో వచ్చినది. సర్ జాన్ లబ్బాకు ప్రతిపాదించిన బ్యాంకు సెలవుల శాసనము ఇంగ్లండు, వేల్సు, ఐర్లండులకు డిసెంబరు 26ను సెలవుదినముగా నిర్ణయించినది. స్కాట్లండు పట్టికలో నిది లేదు. క్రొత్త సంవత్సరమే అచటి పెద్దపండుగ. ప్రాత నిఘంటువులు ఈ దినమును క్రిస్మసు తరువాతి మొదటి పనిదినమని నిర్వచించుటచే, 26 ఆదివారమైనచో పేరు 27కు జరుగవలెనని కొందఱి పట్టు. నేటి వాడుకలో తేదీయే పేరును పట్టియున్నది, సెలవు మాత్రము సోమవారమునకో మంగళవారమునకో జరుగును.

సెలవు వచ్చిన తరువాత వినోదము రాక మానదు. పిల్లల నాటకములైన పాంటోమైములు ఈనాడే ప్రారంభమగుచుండెడివి. క్లబ్బుల నడుమ జరిగిన తొలి ఫుట్‌బాలు పోటీ 1860 డిసెంబరు 26న షెఫీల్డు, హాలం జట్ల మధ్య నడచినది. 1920లో ఇదే దినమున లివర్పూలు నగరపు గుడిసన్ పార్కులో స్త్రీల జట్లు రెండు ఆడగా చూడవచ్చినవారు 53,000 మంది. మఱుసటి సంవత్సరమే ఫుట్‌బాలు సంఘమువారు తమ మైదానములలో స్త్రీలు ఆడరాదని నిషేధించిరి. గుఱ్ఱములపై వేటకుక్కలతో నక్కను తఱుమువారు గుమికూడుటయు ఈనాడే. 2004 నాటి శాసనముచే ఇంగ్లండు, వేల్సులలో ఆ వేట నిషిద్ధమయినను కూడుట మానలేదు. బహామా ద్వీపములలో, క్రిస్మసునకు బానిసల కిచ్చిన విరామమున వర్ధిల్లిన ‘జంకనూ’ యూరేగింపు నేటికిని 26 వేకువన తప్పెటలతో బయలుదేరును. దక్షిణాఫ్రికాలో ఈ దినమునకు సౌమనస్యదినమని పేరు. 1860 మొదలుకొని అచటికి కూలికి కొనిపోబడిన వారి సంతతియైన తెలుగువారును ఆ పేరుతోనే దానిని వాడుదురు. ఇక 2004 డిసెంబరు 26ను ఆంగ్లేయలోకము బాక్సింగు దినపు సునామీ యని జ్ఞాపకముంచుకొన్నది. ఆంధ్రతీరమున నాడు మార్గశీర్ష పూర్ణిమ. సముద్రమున నూరుమందికి పైగా మనవారు మరణించిరి. మనకది బాక్సింగు దినము కాదు.

ఇక నంగడి విషయము. లండను, టొరంటో, సిడ్నీ నగరములలో నుండు నేటి యువకునకు ఈ దినమనగా మొదట తోచునది తగ్గింపు అమ్మకము. తెల్లవాఱక మునుపే దుకాణముల ముందు వరుసలు కట్టి, తలుపు తెఱువగనే లోనికి దూఱు జనసమూహముల చిత్రములను మనమును చూచియున్నాము. దీనిని ఆంగ్లమున ‘బార్గెయిన్’ కొనుగోలందురు. ఈ మాటయు అనువాదకునకు ఉచ్చు వంటిదే. నిఘంటువులో ‘బేరము’ అని యుండును. కాని ఇచట బేరమాడువా డొకడును లేడు. బేరము లేకుండుటయే దీనికి మూలము. ధర వస్తువుపై వ్రాసియుండి, ఎవరికైనను అదియే ధరయైన గాని తగ్గింపు అను మాటకు అర్థము లేదు. ధర ఇద్దఱి మాటలలో పుట్టునప్పుడు ప్రతి కొనుగోలును ఒక తగ్గింపే. చివర కొసరు కూడ లభించును. స్థిరమైన ధరలను, ఋతువు ననుసరించి చవుక యమ్మకములను పంతొమ్మిదవ శతాబ్దిలో పారిసు నగరపు ‘బాన్ మార్షే’ వంటి పెద్ద దుకాణములు వ్యాప్తిలోనికి తెచ్చినవి. దాని యధిపతి యైన బూసికో జనవరి నెలలో తెల్లబట్టల యమ్మకమును ఏర్పఱచుటలో ఉద్దేశము స్పష్టము. పండుగ ముగిసినది, కొనువారు అలసినారు, పనివారు కూర్చుండియున్నారు. చవుకయను పేరే వారిని మరల రప్పింపవలెను.

బ్రిటనునను ఇవి చాలకాలము జనవరి యమ్మకములే. 26వ తేదీకి జరుగుటకు కారణములు సరకులోనే యున్నవి. పండుగకై తెప్పించిన అలంకారవస్తువులకు 26న విలువ లేదు. చలికోటునకు నెలనెలకు విలువ తగ్గును. దాచుటకు చోటును, వసంతపు సరకునకు పెట్టుబడియు కావలెను. కొనువాని యొద్ద కానుకగా వచ్చిన రొక్కము, నచ్చని కానుకలు మార్చుకొను చీటులు సిద్ధముగా నుండును. ఆ పైని అందఱకును సెలవు. మన యూళ్ళలో పెండ్లిండ్లు లేని ఆషాఢమున బట్టల దుకాణములు ధరలు తగ్గించుట ఎఱిగినవారికి ఈ తర్కము వేఱుగ చెప్పనక్కఱలేదు. శాసనములును దారి చూపినవి. ఇంగ్లండు, వేల్సులలో పెద్ద దుకాణములు ఆదివారమున ఆఱుగంటలు తెఱువవచ్చునని 1994 నాటి శాసనము. క్రిస్మసునాడు మాత్రము తెఱువరాదని 2004 నాటి శాసనము. ఒకదినము బలవంతముగా మూసిన తలుపు మఱునాడు విసురుగా తెఱచుకొనుట సహజము. కెనడాలో నోవాస్కోషియా వంటి తూర్పు రాష్ట్రములు 26న దుకాణములు మూయించుటచే అచటి చవుక యమ్మకములు 27న మొదలగుట వాడుక.

ఇచటనే నాకు కొంత బాధ కలుగుచున్నది. పెట్టె యెవరికై పుట్టినదో వారినే ఈ మార్పు మరల పనిలోనికి లాగినది. పండుగనాడు సేవచేసినవానికి మఱునాడు విశ్రాంతి యని గదా లోకమున చెప్పుకొను కథ. చవుక యమ్మకము 26 వేకువన మొదలు కావలెనన్నచో ధరచీటులు మార్చువాడు, బట్టలు సర్దునది, కావలివాడు క్రిస్మసు రాత్రి పెందలకడ భోజనము ముగించి, చీకటితోనే లేచి రావలెను. ఆ దినమున బస్సులు, రైళ్ళు తక్కువ. దుకాణములను బాక్సింగు దినమున మూయవలెనని కోరుచు లక్షకు మించిన జనులు సంతకములు చేసిన మహజరును 2016 డిసెంబరులో బ్రిటిషు పార్లమెంటు సభ్యులు చర్చించిరి. చట్టము మాఱలేదు. ఎవరి యిష్టము వారిదని ప్రభుత్వపక్షము. సెలవు కోరువాని యిష్టమును, సెలవు నీయువాని యిష్టమును ఒక తూనికలో తూచవచ్చునా యని యడిగినవారికి ఆ సమాధానము చాలినట్లు లేదు.

చట్టము చేయనిదానిని వర్తకమే కొంత చేసినది. అమెరికానుండి వచ్చిన ‘బ్లాక్ ఫ్రైడే’ తగ్గింపులు 2010 తరువాత బ్రిటనున నవంబరు నెలలోనే కొనుగోలుదారుని జేబును తేలికపఱచుచున్నవి. అంతర్జాలపు అమ్మకములు క్రిస్మసునాడే మొదలగుచున్నవి, వరుసలో నిలువబడనక్కఱలేదు. కొన్ని పెద్ద వర్తకసంస్థలు ఇటీవలి సంవత్సరములలో 26న తలుపులు మూసి పనివారికి సెలవిచ్చుచున్నవి. అది దయయో, గిరాకి తగ్గుటయో, రెండునో యగును. అయినను గిడ్డంగులలో సరకు కట్టువాడు, దానిని ఇంటింట చేర్చువాడు దుకాణపు తలుపునకు బయటనే యున్నాడు, వానికి తలుపు మూయుటతో సెలవు రాదు.

క్రిస్మసు పెట్టె యను మాటను బ్రిటనులోని వృద్ధులు నేటికిని వాడుదురు. చెత్త యెత్తువానికి, జాబులు తెచ్చువానికి, వార్తాపత్రిక వేయు కుఱ్ఱనికి పండుగకు కొంత యిచ్చు ఆచారమును కొన్ని యిండ్లలో నిలిచియున్నది. అది 26న గాక, పెపీస్ ఇచ్చినట్లే, పండుగకు కొన్ని దినములు ముందుగా ఒక కవరులో పెట్టి గుమ్మము వద్ద ఇయ్యబడుచున్నది.